ఒక్క ఫీచర్ కోసం వచ్చి కూర్చున్న బరువైన లైబ్రరీని ఆప్షనల్ చేయడం ఎలా

"మా ప్యాకేజీలో ఒకే ఒక్క ఫీచర్‌కి ఫలానా పెద్ద లైబ్రరీ కావాలి, దాన్ని తప్పనిసరి డిపెండెన్సీల్లో పెట్టేయమంటారా, ఆప్షనల్‌గా ఉంచమంటారా?" ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. (డిపెండెన్సీ అంటే మన ప్యాకేజీ వాడుకునే ఇంకో లైబ్రరీ.) ప్రతిసారీ ఓ ముక్క చెప్పి వదిలేసే బదులు ఈసారి పని మొత్తం మొదటి నుంచి చివరిదాకా రాసేస్తున్నా. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా: మీ సాఫ్ట్‌వేర్ ప్రధానంగా చేస్తానన్న పని ఆ లైబ్రరీ లేకుండా జరుగుతుందంటే దాన్ని ఎవరి నెత్తినా రుద్దకండి. అయితే ఆప్షనల్ చేయడమంటే లిస్టులోంచి ఒక లైను తీసేయడం కాదు, అది లేనప్పుడు యూజర్‌కి ఏం కనబడుతుందో చూసుకోవాల్సిన బాధ్యత కూడా మీదే. అంత ఓపిక లేకపోతే తప్పనిసరిగానే ఉంచేయండి, సగంలో వదిలేసిన ఆప్షనల్ కంటే అదే నయం.

ఉదాహరణలు ఎక్కువగా పైథాన్‌వి, ఎందుకంటే అడిగేవాళ్లలో ఎక్కువమంది పైథాన్ వాళ్లే. నోడ్, రస్ట్, డెబియన్ వాళ్లకి కావలసింది మధ్యలో విడిగా చెప్పాను.

ఏమేం కావాలి

- ఏమీ ఇన్‌స్టాల్ చేయని ఖాళీ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ ఒకటి, లేదా ఖాళీ కంటైనర్. మీరు రోజూ పనిచేసే ఎన్విరాన్‌మెంట్ దీనికి పనికిరాదు, అందులో అన్నీ ఉంటాయి కాబట్టి ఏది లేకపోయినా తెలియదు.
- డిపెండెన్సీల చెట్టు చూపించే టూల్: పైథాన్‌కి పిప్‌డెప్‌ట్రీ లేదా యూవీ ట్రీ, రస్ట్‌కి కార్గో ట్రీ, నోడ్‌కి ఎన్‌పీఎం ఎల్ఎస్.
- ఫోల్డర్ సైజు చూసే డీయూ కమాండ్.
- కోడ్ మారిన ప్రతిసారీ టెస్టులు వాటంతటవే నడిపే ఏర్పాటు, అంటే సీఐ. ఇది లేకుండా ఈ పని మొదలుపెట్టకండి.

1. ముందు బరువు తూచండి

చాలామంది అనుమానంతోనే పని మొదలుపెడతారు, కొలవరు. ఖాళీ ఎన్విరాన్‌మెంట్‌లో మీ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసి సైట్-ప్యాకేజెస్ ఫోల్డర్ లోపల డీయూ కొట్టి, సైజు ప్రకారం వరస పెట్టండి. పైన నాలుగైదు పేర్లు చూస్తే కథ మొత్తం అర్థమైపోతుంది. ఆ తర్వాత పిప్‌డెప్‌ట్రీని రివర్స్ ఆప్షన్‌తో నడిపి, ఆ బరువైనదాన్ని లోపలికి లాక్కొచ్చింది మీరేనా, మీ డిపెండెన్సీల్లో ఇంకెవరైనానా అన్నది చూడండి. ఇంకెవరో అయితే మీ లిస్టులో ఎంత కోసినా ఉపయోగం లేదు, ముందు వాళ్లతో మాట్లాడాలి.

సైజు ఒక్కటే కాదు, టైమ్ కూడా చూడండి. పైథాన్‌ని "-ఎక్స్ ఇంపోర్ట్‌టైమ్" ఆప్షన్‌తో నడిపితే ఏ మాడ్యూల్ లోడ్ అవడానికి ఎంతసేపు పట్టిందో మైక్రోసెకన్లతో సహా చూపిస్తుంది. కమాండ్ లైన్ టూల్ రాస్తున్నవాళ్లకి ఇది మరీ ముఖ్యం, హెల్ప్ మెసేజ్ చూడ్డానికి కూడా రెండు సెకన్లు ఆగాల్సి వస్తే ఎవరికైనా చిరాకే.

2. తప్పనిసరా, కాదా, తేల్చుకోండి

ఒక్కటే పరీక్ష. మీ రీడ్‌మీలో మొదటి ఉదాహరణ కోడ్ తీసుకోండి, ఆ లైబ్రరీ లేకుండా అది నడుస్తుందా? నడవకపోతే అది తప్పనిసరి డిపెండెన్సీ, దాని సైజు ఎంతైనా సరే. టేబుళ్ల రూపంలో ఉన్న డేటాతో పనిచేసే పైథాన్ లైబ్రరీ పాండాస్‌కి, అంకెల లెక్కలు చేసే నంపై అలాంటిది. నడిస్తే అది ఆప్షనల్ కావడానికి అర్హత ఉన్నదే.

పాండాస్ కథే ఇక్కడ బాగా పనికొస్తుంది. పైయారో అనే డేటా లైబ్రరీని తప్పనిసరి డిపెండెన్సీ చేయాలని ఆ ప్రాజెక్ట్ 2023లో నిర్ణయించుకుంది. కారణాలు మంచివే: స్ట్రింగ్‌లు తక్కువ మెమరీలో వేగంగా నడుస్తాయి, మిగతా టూల్స్‌తో డేటా ఇచ్చిపుచ్చుకోవడం తేలికవుతుంది. 2024 జనవరిలో వచ్చిన 2.2.0 వెర్షన్‌లో, పైయారో లేకుండా ఇంపోర్ట్ చేస్తే "త్వరలో ఇది తప్పనిసరి కాబోతోంది" అని వార్నింగ్ పెట్టారు. దాంతో యూజర్లు సైజు గురించి గట్టిగానే మొత్తుకున్నారు. ఏడబ్ల్యూఎస్ లాంబ్డాలో (అమెజాన్ క్లౌడ్‌లో కోడ్ నడిపే సర్వీస్) జిప్ పద్ధతిలో పెట్టే కోడ్ విప్పిన తర్వాత, లేయర్లతో కలిపి 250 ఎంబీ దాటకూడదు. అలాంటి చోట పాండాస్, నంపై పక్కన పైయారో కూడా వచ్చి కూర్చుంటే సొంత కోడ్‌కి మిగిలే చోటెంత? 2.2.1లోనే ఆ వార్నింగ్ తీసేశారు, తర్వాత తప్పనిసరి ఆలోచన కూడా విరమించుకున్నారు. 3.0లో పైయారో ఉంటే స్ట్రింగ్‌లకి దాన్ని వాడుకుంటుంది, లేకపోతే మామూలు పైథాన్ ఆబ్జెక్ట్‌లతోనే లాగిస్తుంది. ఇందులో నాకు నచ్చింది ఏమిటంటే, వార్నింగ్ ముందే పెట్టి జనం ఏమంటారో విన్నారు. ఒక రాత్రి చెప్పాపెట్టకుండా లిస్టులో చేర్చేసి ఉంటే ఎంతమంది డిప్లాయ్‌మెంట్లు పడిపోయేవో.

"డిస్క్ చవకే కదా, దీనికింత గొడవెందుకు" అనేవాళ్లకి ఒక మాట. సైజు సంగతి పక్కన పెట్టినా, మీరు లోడ్ చేసే ప్రతి లైబ్రరీ ఒక తలుపే. 2024 మార్చిలో బయటపడ్డ ఎక్స్‌జెడ్ బ్యాక్‌డోర్ గుర్తుందా? ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్‌లో దాచిపెట్టిన దొంగదారి అది, లిబ్‌ఎల్‌జెడ్ఎంఏ ఆ టూల్ లైబ్రరీయే. వేరే మెషిన్‌లోకి లాగిన్ అవడానికి వాడే ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్‌కి నేరుగా లిబ్‌ఎల్‌జెడ్ఎంఏతో ఏ సంబంధమూ లేదు. కానీ కొన్ని డిస్ట్రిబ్యూషన్లు, సర్వీస్ సిద్ధమైందని సిస్టమ్‌డీకి (లినక్స్‌లో సర్వీసులను నడిపేది) చెప్పే చిన్న పని కోసం, ఎస్ఎస్‌హెచ్ సర్వర్‌ని లిబ్‌సిస్టమ్‌డీకి లింక్ చేశాయి. అది వెనకాలే లిబ్‌ఎల్‌జెడ్ఎంఏని తెచ్చింది, ఆ లిబ్‌ఎల్‌జెడ్ఎంఏలోనే బ్యాక్‌డోర్ ఉంది. గోరంత పనికి కొండంత లైబ్రరీ తెచ్చుకుంటే ఆ కొండలో ఏముందో ఎవరూ చూడరు. సిస్టమ్‌డీ కూడా ఆ కంప్రెషన్ లైబ్రరీలను మొదట్లోనే లింక్ చేయకుండా, అవసరం పడ్డప్పుడే లోడ్ చేసుకునే పద్ధతికి మారింది.

3. ఎక్స్‌ట్రా పేరు పెట్టండి

పైప్రాజెక్ట్ డాట్ టామల్ ఫైల్‌లో, ప్రాజెక్ట్ సెక్షన్ కింద "ఆప్షనల్-డిపెండెన్సీస్" అనే టేబుల్ ఉంటుంది. బరువైన లైబ్రరీని "డిపెండెన్సీస్" లిస్టులోంచి తీసి, ఇక్కడ ఒక పేరు కింద పెట్టండి. యూజర్ అడిగితేనే ఇన్‌స్టాల్ అయ్యే ఇలాంటి గుంపునే ఎక్స్‌ట్రా అంటారు. పేరు మాత్రం లైబ్రరీది కాకుండా పనిది పెట్టండి. పాండాస్‌లో ఎక్సెల్ ఫైళ్ల ఎక్స్‌ట్రా పేరు "ఎక్సెల్", దాని వెనక ఏ లైబ్రరీలు ఉన్నాయో యూజర్‌కి అనవసరం. రేపు మీరు వెనక లైబ్రరీ మార్చినా పేరు మారక్కర్లేదు.

అన్నీ కావాలనేవాళ్లకి "ఆల్" అని ఒకటి కూడా పెట్టండి.

జాగ్రత్త: పైథాన్ ఎక్స్‌ట్రాలు కలపడానికే గానీ తీసేయడానికి పనికిరావు. "మినిమల్" అనే ఎక్స్‌ట్రా పెట్టి, అది అడిగితే బరువైనవి రావు అనుకునేవాళ్లు ఉన్నారు, అలా జరగదు. మామూలు ఇన్‌స్టాలే మినిమల్ కావాలి, అదనం ఎప్పుడూ ఎక్స్‌ట్రాలో ఉండాలి. మామూలుగా అన్నీ రావాలి, కొందరికి మాత్రం తేలిక వెర్షన్ ఇవ్వాలి అంటే రెండు వేర్వేరు ప్యాకేజీలు విడుదల చేయడం తప్ప దారి లేదు. ఓపెన్‌సీవీ చేసింది అదే: కిటికీలు తెరిచి బొమ్మలు చూపించే భాగంతో ఒకటి, అది లేకుండా "హెడ్‌లెస్" అని ఇంకొకటి. సర్వర్‌లో కంటైనర్ కడుతుంటే "లిబ్‌జీఎల్ దొరకలేదు" అని ఎర్రర్ వచ్చినవాళ్లకి హెడ్‌లెస్ ప్యాకేజీయే సరైన మందు. కాకపోతే ఆ రెండూ ఒకే ఎన్విరాన్‌మెంట్‌లోకి వస్తే ఒకదాని ఫైళ్ల మీద ఇంకోటి రాసేస్తుంది, ఎందుకంటే రెండూ ఒకే మాడ్యూల్ పేరు వాడతాయి. మీరు రెండు ప్యాకేజీల దారి పడితే ఈ తలనొప్పి కూడా మీదవుతుంది.

4. మిగతా భాషల వాళ్లు ఏం చేయాలి

నోడ్ వాళ్లు: "ఆప్షనల్‌డిపెండెన్సీస్" అన్న పేరు చూసి మోసపోకండి. అందులో పెట్టినవాటిని కూడా ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ చేయడానికే చూస్తుంది, కుదరకపోతే ఫెయిల్ అవకుండా ముందుకు పోతుంది, అంతే తేడా. యూజర్ అడిగితేనే రావాలంటే పీర్ డిపెండెన్సీగా (మీ ప్యాకేజీని వాడే ప్రాజెక్ట్ తెచ్చుకోవాల్సిన లైబ్రరీగా) పెట్టి, "పీర్‌డిపెండెన్సీస్‌మెటా"లో దాన్ని ఆప్షనల్ అని గుర్తు పెట్టాలి. ఆ గుర్తు పెట్టకపోతే ఎన్‌పీఎం 7 నుంచి పీర్లు కూడా వాటంతటవే వచ్చేస్తాయి. బరువు లైబ్రరీ కాకుండా ఒక పెద్ద బైనరీ అయితే పపెటీర్‌ని చూడండి: మామూలు ప్యాకేజీ ఇన్‌స్టాల్‌తో పాటే క్రోమ్ డౌన్‌లోడ్ చేస్తుంది, "పపెటీర్-కోర్" మాత్రం చేయదు, మీ దగ్గరున్న బ్రౌజర్‌ని వాడుకుంటుంది.

రస్ట్ వాళ్లకి కార్గో ఫీచర్లు ఉన్నాయి, పైథాన్‌లో లేని సుఖం ఏమిటంటే డిఫాల్ట్ ఫీచర్లను యూజర్ ఆపేసుకోవచ్చు. చిక్కు ఇంకోచోట ఉంది. ఒకే క్రేట్‌ని (రస్ట్ ప్యాకేజీని) ఇద్దరు వాడుతుంటే కార్గో ఇద్దరి ఫీచర్లనూ కలిపేస్తుంది, కాబట్టి మీరు డిఫాల్ట్‌లు ఆపేసినా చెట్టులో ఇంకెవరో ఆపకపోతే ఆ బరువు వచ్చే తీరుతుంది. ఎవరి వల్ల వచ్చిందో కార్గో ట్రీని "-ఈ ఫీచర్స్" ఆప్షన్‌తో నడిపి పట్టుకోండి.

డెబియన్ ప్యాకేజీలు కట్టేవాళ్లకి డిపెండ్స్, రికమెండ్స్, సజెస్ట్స్ అని మూడు మెట్లు ఎప్పటినుంచో ఉన్నాయి. రికమెండ్స్ కూడా మామూలుగా ఇన్‌స్టాల్ అయిపోతుంది, వద్దనుకున్నవాళ్లు "నో-ఇన్‌స్టాల్-రికమెండ్స్" అని చెప్పాలి. నన్నడిగితే ఇది అన్నిటికంటే తెలివైన ఏర్పాటు: తెలియనివాళ్లకి అన్నీ పనిచేస్తాయి, తెలిసినవాళ్లు తగ్గించుకుంటారు.

5. ఇంపోర్ట్‌ని కిందికి దించండి

లిస్టులోంచి తీసేసి, ఫైల్ పైన మాత్రం ఇంపోర్ట్ అలాగే వదిలేస్తే మీ ప్యాకేజీ మొత్తం పడిపోతుంది. ఇంపోర్ట్‌ని ఆ ఫీచర్ వాడే ఫంక్షన్ లోపలికి తీసుకెళ్లండి. టైప్ హింట్స్ కోసం పైన కావాలంటే "టైప్‌_చెకింగ్" షరతు కింద పెట్టండి, అప్పుడు ప్రోగ్రామ్ నడిచేటప్పుడు అది లోడ్ కాదు. లైబ్రరీ ఉందో లేదో తెలిస్తే చాలనుకుంటే ఇంపోర్ట్‌లిబ్‌లోని "ఫైండ్‌_స్పెక్" వాడండి, లేకపోతే "నన్" (None) ఇస్తుంది, ఉన్నా లైబ్రరీని లోడ్ చేయదు.

ప్రతి ఫంక్షన్‌లో ట్రై-ఎక్సెప్ట్ రాసుకుంటూ పోకండి. ఒక చిన్న హెల్పర్ ఫంక్షన్ రాసి, లైబ్రరీ పేరు, ఎక్స్‌ట్రా పేరు, కనీస వెర్షన్ దానికి ఇస్తే అది మాడ్యూల్‌ని తెచ్చి ఇవ్వాలి, లేదా సరైన ఎర్రర్ చూపించాలి. కనీస వెర్షన్ ఎందుకంటే, ఎక్స్‌ట్రాలో మీరు రాసిన వెర్షన్ షరతు ఎక్స్‌ట్రా అడిగినవాళ్లకే వర్తిస్తుంది. ఆ లైబ్రరీ పాత వెర్షన్‌ని వేరే పని కోసం ముందే వేసుకున్నవాళ్లకి మీ షరతు సంగతే తెలియదు, వాళ్లకి ఎక్కడో లోపల వింత ఎర్రర్ వస్తుంది.

6. ఎర్రర్ మెసేజ్ రాయండి, అసలు పని ఇదే

"మాడ్యూల్ దొరకలేదు" అన్న ముడి ఎర్రర్ యూజర్ ముందు పడేయకండి. మెసేజ్‌లో మూడు సంగతులు ఉండాలి: ఏ పని ఆగింది, ఏం కావాలి, ఏం కొట్టాలి. ఇలా (పార్కే అంటే డేటా దాచుకునే ఒక ఫైల్ ఫార్మాట్):

"పార్కే ఫైల్ చదవడానికి పైయారో కావాలి, ఇక్కడ అది లేదు. ఇది కొట్టండి: పిప్ ఇన్‌స్టాల్ 'మీప్యాకేజీ[పార్కే]'"

ఆ కోట్స్ ఊరికే పెట్టలేదు. జెడ్‌ఎస్‌హెచ్ షెల్‌లో చదరపు బ్రాకెట్లకి వేరే అర్థం ఉంది, కోట్స్ లేకుండా కొడితే "నో మ్యాచెస్ ఫౌండ్" అంటుంది. మాక్‌లో డిఫాల్ట్ షెల్ అదే కాబట్టి ఈ ఒక్క చిన్న గుర్తు మీకు బోలెడు ఇష్యూలు తప్పిస్తుంది.

ఎప్పుడు చెప్పాలన్నది కూడా ఆలోచించండి. గంటసేపు లెక్కలు చేసి, చివర ఫైల్ సేవ్ చేసే క్షణంలో "పైయారో లేదు" అంటే యూజర్‌కి ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. అవుట్‌పుట్ పార్కేలో కావాలని ఆప్షన్ ఇచ్చిన వెంటనే చెక్ చేసి, పని మొదలుకాకముందే ఆపండి.

7. రెండు రకాల టెస్టులు పెట్టండి

సీఐలో ఒక జాబ్ ఏ ఎక్స్‌ట్రా లేకుండా నడవాలి, ఇంకోటి "ఆల్"తో నడవాలి. ఐదు ఎక్స్‌ట్రాలు ఉంటే 32 కలయికలు అవుతాయి, అన్నీ నడపాలని కూర్చోకండి, ఈ రెండూ, ఓపిక ఉంటే ఒక్కో ఎక్స్‌ట్రా విడివిడిగా నడిపితే చాలు. లైబ్రరీ కావలసిన టెస్టులకి పైటెస్ట్‌లో "ఇంపోర్టార్‌స్కిప్" వాడండి.

ఇక్కడ ఒక గోతి ఉంది. "ఆల్" జాబ్‌లో ఏదో కారణంగా లైబ్రరీ ఇన్‌స్టాల్ కాకపోతే ఆ టెస్టులన్నీ స్కిప్ అయిపోయి, రిజల్ట్ మాత్రం పచ్చగా వెలుగుతుంది. ఎక్స్‌ట్రా పేరులో ఒక్క అక్షరం తప్పు రాసినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే లేని ఎక్స్‌ట్రా అడిగితే పిప్ ఎర్రర్ ఇవ్వదు, "ఆ ఎక్స్‌ట్రా ఇందులో లేదు" అని ఒక వార్నింగ్ చూపి దర్జాగా ముందుకు పోతుంది. లాగ్‌లో ఆ లైను ఎవరు చూస్తారు? అందుకే "ఆల్" జాబ్‌లో స్కిప్‌ల సంఖ్య సున్నా కాకపోతే ఫెయిల్ అయ్యేలా పెట్టండి.

ఎక్కువగా జరిగే తప్పులు

ఇంపోర్ట్‌ఎర్రర్‌ని గుడ్డిగా పట్టుకోవడం. లైబ్రరీ ఉంది, కానీ దాని లోపల ఏదో విరిగింది, అప్పుడూ ఇంపోర్ట్‌ఎర్రరే వస్తుంది. మీరేమో "లైబ్రరీ లేదు, ఇన్‌స్టాల్ చేయండి" అంటారు, యూజర్ ఇన్‌స్టాల్ చేస్తాడు, "ఇప్పటికే ఉంది" అని పిప్ అంటుంది, మీరు మళ్లీ లేదంటారు. ఇద్దరి మధ్య ఆ మనిషి నలిగిపోతాడు. మాడ్యూల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్‌ని మాత్రమే పట్టుకోండి, దాని "నేమ్" మీరు వెతుకుతున్న లైబ్రరీదేనా చూడండి, కాకపోతే ఎర్రర్‌ని ఉన్నదున్నట్టు పైకి వదిలేయండి.

లేకపోతే చప్పుడు లేకుండా వేరే దారి పట్టడం. నెమ్మదిగా నడిచినా అదే జవాబు వస్తే ఫర్వాలేదు, లాగ్‌లో ఒక మాట రాస్తే చాలు. జవాబే మారేట్టయితే మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. ఒకే కోడ్ రెండు మెషిన్లలో రెండు జవాబులిస్తే కారణం కనుక్కోవడానికి ప్రాణం పోతుంది.

కోడ్ లోపలి నుంచి పిప్ నడిపి ఇన్‌స్టాల్ చేసేయడం. యూజర్‌కి సాయం చేస్తున్నామనుకుంటారు. కంటైనర్ రీడ్-ఓన్లీ అయితే? నెట్ లేకపోతే? యూజర్ యూవీతోనో కోండాతోనో లాక్ చేసుకున్న వెర్షన్లు మీరు మార్చేస్తే? వద్దు.

టార్చ్ (మెషిన్ లెర్నింగ్ లైబ్రరీ) లాంటివాటిని ఎక్స్‌ట్రాలో పెట్టి చేతులు దులుపుకోవడం. లినక్స్‌లో మామూలుగా పిప్‌తో టార్చ్ వేస్తే సీయూడీఏ (ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డుల కోసం వాడే) లైబ్రరీలన్నీ వెంట వచ్చి డిస్క్ మీద జీబీల్లోకి వెళ్తుంది, గ్రాఫిక్స్ కార్డ్ లేని మెషిన్‌లో కూడా అంతే. సీపీయూ వెర్షన్ వేరే ఇండెక్స్‌లో ఉంటుంది, ఏ ఇండెక్స్ నుంచి తేవాలో ఎక్స్‌ట్రాలో రాసే వీలు లేదు. కాబట్టి ముందు సీపీయూ టార్చ్ వేసుకుని, తర్వాత మీ ఎక్స్‌ట్రా వేసుకోమని డాక్యుమెంటేషన్‌లో వరస క్రమంలో చెప్పండి. అప్పటికే టార్చ్ ఉంది కాబట్టి, మీ వెర్షన్ షరతుకి అది సరిపోతే, పిప్ దాని జోలికి పోదు.

ప్రతి చిన్నదాన్నీ ఆప్షనల్ చేయడం. 200 కేబీ లైబ్రరీకి ఎక్స్‌ట్రా దేనికి? ఆ హడావుడి మీ యూజర్లకే బరువు.

పని సరిగ్గా అయిందో లేదో ఎలా చూడాలి

ఖాళీ ఎన్విరాన్‌మెంట్‌లో ఎక్స్‌ట్రా లేకుండా ఇన్‌స్టాల్ చేసి, మొదట కొలిచిన సైజుతో పోల్చండి. తేడా లేకపోతే ఆ లైబ్రరీ ఇంకెవరి ద్వారానో వస్తోంది, పిప్ షో కొట్టి "రిక్వైర్డ్-బై" లైను చూడండి. తర్వాత పిప్ చెక్ ఒకసారి. ఆ తర్వాత రీడ్‌మీలో మొదటి ఉదాహరణ కాపీ చేసి నడపండి.

రెండో పరీక్ష ఉల్టా: అన్నీ ఉన్న ఎన్విరాన్‌మెంట్‌లో మీ ప్యాకేజీని ఊరికే ఇంపోర్ట్ చేసి, సిస్ డాట్ మాడ్యూల్స్‌లో ఆ బరువైన పేరు లేదని చూడండి. దీన్ని ఒక టెస్ట్‌గా రాసి పెట్టుకోండి, ఆరు నెలల తర్వాత ఎవరో కొత్తవాళ్లు ఇంపోర్ట్‌ని మళ్లీ ఫైల్ పైకి జరిపినప్పుడు అది పట్టుకుంటుంది. టెస్ట్‌ని సబ్‌ప్రాసెస్‌లో నడపండి, లేకపోతే వేరే టెస్ట్ అప్పటికే లోడ్ చేసేసి ఉంటుంది, మీ టెస్ట్ ఊరికే ఫెయిల్ అవుతుంది.

8. పాత యూజర్లను మర్చిపోకండి

ఇన్నాళ్లూ తప్పనిసరిగా ఉన్నదాన్ని ఆప్షనల్ చేస్తే అది పాత కోడ్‌ని విరగ్గొట్టే మార్పే, చిన్న వెర్షన్‌లో తోసేయకండి. ముందు ఒక రిలీజ్‌లో ఎక్స్‌ట్రా పేరు ప్రవేశపెట్టండి, కానీ లైబ్రరీని తప్పనిసరి లిస్టులో కూడా అలాగే ఉంచండి, అప్పుడు జనం తమ రిక్వైర్‌మెంట్స్ ఫైల్ మార్చుకున్నా ఏమీ పాడవదు. ఆ ఫీచర్ వాడినప్పుడు మాత్రం, తర్వాతి పెద్ద వెర్షన్ నుంచి ఈ ఎక్స్‌ట్రా అడగాలని వార్నింగ్ ఇవ్వండి. ప్యాకేజీ ఇంపోర్ట్ చేసిన ప్రతిసారీ ఇస్తే ఆ ఫీచర్ ముట్టుకోనివాళ్లు కూడా తిట్టుకుంటారు. పెద్ద వెర్షన్‌లో అసలు లైను తీసేయండి. మీ ద్వారా ఆ లైబ్రరీ వస్తోంది కదా అని తమ లిస్టులో రాసుకోకుండా నేరుగా వాడేసుకుంటున్నవాళ్లు కొందరు తప్పకుండా ఉంటారు. తప్పు వాళ్లదే, అయినా ఛేంజ్‌లాగ్‌లో మొదటి లైనులోనే ఆ లైబ్రరీ పేరు రాయండి, ఎర్రర్ వచ్చినప్పుడు వాళ్లు వెతికేది ఆ పేరుతోనే.